ఓడ మునగలేదు

మా తాతయ్య యుద్ధంలో ఓడ మునిగి చనిపోయాడని మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. ఎప్పుడు విన్నామో, ఎవరు చెప్పారో గుర్తుండదు. పొదిలి పక్కన మెట్టపల్లెలో పుట్టి, చెరువు నీళ్ళు తప్ప వేరే నీళ్ళు చూడనివాడు తెల్లవాళ్ళ నౌకాదళంలో చేరి సముద్రం మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. మా నాయనమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, వానల్లేని ఆ ఊరు వదిలి, పత్తి తీతలకని ప్రత్తిపాడు వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ ఇద్దరిలో చిన్నవాడు మా నాన్న. పెద్దది మా మేనత్త.

నాన్నకు తండ్రి ముఖం తెలియదు. తాతయ్య చివరిసారి ఇంట్లోంచి వెళ్ళేనాటికి ఆయన పాలు తాగే పిల్లాడు. అత్తయ్యకు మాత్రం కొంచెం గుర్తు. తండ్రి భుజాల మీద కూర్చుని తిరునాళ్ళకు వెళ్ళడం, ఆయన చొక్కా దగ్గర వచ్చే బొగ్గు వాసన, అంతవరకే. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అత్తయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి. మార్టూరు దగ్గర కొడుకు ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటి వసారాలో, గుమ్మానికి ఎదురుగా, తెల్లటోపీ పెట్టుకున్న తాతయ్య ఫోటో ఉండేది. చుట్టుపక్కల రాళ్ళ పాలిషింగు యూనిట్ల నుంచి వచ్చే తెల్లపొడి రోజూ ఆ అద్దం మీద పడేది. రోజూ అత్తయ్య కొంగుతో తుడిచేది. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి, ఫోటో వైపు చూపించి, "మా నాన్న. ఓడలో పోయాడు" అని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా అయ్యేది.

కార్తీకమాసంలో ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆటోలు మాట్లాడుకుని సముద్రస్నానాలకు వాడరేవు వెళ్ళేవాళ్ళు. అత్తయ్య ఒక్కసారి కూడా వెళ్ళలేదు. "మా నాన్నను మింగిన నీళ్ళలో నేను పోయి మునగాలా?" అనేది.

నేను గుంటూరులో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం నుంచి ముందుగానే రిటైరయ్యాను. ఆ ఖాళీలో నాకు వంశవృక్షం పిచ్చి పట్టింది. చుట్టాల ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ప్రశ్నలడగడం, పాత పెళ్ళి శుభలేఖలు వెతకడం, తహసీల్దారు ఆఫీసులో దుమ్ము పట్టిన కాగితాలు తిరగేయడం. మనుషుల్ని గడుల్లో పెట్టి గీతలతో కలుపుతుంటే నాకేదో పెద్ద పని చేస్తున్నట్టుండేది. తాతయ్య గడిలో మాత్రం చావు తేదీ దగ్గర ఖాళీ ఉండిపోయింది. ఏ ఓడ, ఏ సముద్రం, ఎప్పుడు? ఎవరికీ తెలియదు.

మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఉండే పెద్దాయన నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు. నా గొడవ విని, "పాత సర్వీసు కాగితాలు ఎక్కడికీ పోవండి. రక్తసంబంధీకులు అర్జీ పెడితే నకలు పంపిస్తారు. ఓపిక పట్టాలి, అంతే" అన్నారు. అర్జీ ఆయనే రాసిపెట్టారు. బతికున్న కూతురు కాబట్టి సంతకం అత్తయ్య పెట్టాలి. కాగితం తీసుకుని వెళితే ఆవిడ ముందు ఒక పాత క్యాలెండరు వెనక రెండు మూడుసార్లు రాసి చూసుకుని, ఆ తర్వాత అర్జీ మీద మెల్లగా సంతకం చేసింది.

"మా నాన్న ఎక్కడ మునిగాడో అందులో రాసి ఉంటుందంటావా?" అని అడిగింది.

"ఉంటుందత్తా. తేదీతో సహా ఉంటుంది."

"తేదీ తెలిస్తే బాగుండునే. ఇన్నేళ్ళూ మహాలయ అమావాస్యకే పెడుతున్నాం. ఆయన తిథికి ఎప్పుడూ పెట్టలేదు."

కాగితం మిరపకోతల రోజుల్లో వచ్చింది. పాత ఇంగ్లీషు చేతిరాత, వెలిసిపోయిన సిరా, నకలు తీసిన నకలు. నాకు అర్థమైనంత వరకు చదివాను. తాతయ్య మేమనుకున్నట్టు తుపాకీ పట్టుకుని ఓడ పైన నిలబడినవాడు కాదు. అడుగున, బాయిలర్లలో బొగ్గు వేసేవాడు. యుద్ధం మొత్తం అదే పని చేశాడు. యుద్ధం ముగిశాక కూడా ఓడలోనే ఉన్నాడు. అన్నిటికంటే కింది వరసలో, చివరి గడిలో, ఒకే మాట ఉంది. రన్.

కింది అంతస్తు పెద్దాయన ఆ నెల కూతురి దగ్గరికి హైదరాబాదు వెళ్ళారు. ఫోన్ చేసి అడిగాను.

"రన్ అని ఉందా? అయితే పారిపోయినట్టండి" అన్నారాయన. "ఓడ దిగి వెళ్ళి మళ్ళీ డ్యూటీకి రానివాళ్ళకి అలా రాసేవాళ్ళు."

ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. ఎనభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ నమ్మినదాన్ని నేనొక్కదాన్నే తిరగేశాననే సంతోషం. వెంటనే మా బావామరదళ్ళ, అన్నదమ్ముల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. నా గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఒరేయ్, అందరూ వినండర్రా! మన తాతయ్య మునగలేదు, పారిపోయాడు! ఇన్నేళ్ళూ దండలేసి మొక్కాం. హీరోగారు ఎక్కడో ఇంకో కాపురం పెట్టే ఉంటారు!"

చివర్లో గట్టిగా నవ్వాను.

ఆ సాయంత్రం అత్తయ్య కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. వాళ్ళ ఇంటి ముందు కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అత్తయ్య, కోడలు, నలుగురు కూలి ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఫోన్ మోగింది. కోడలి చేతులకు కారం. చిటికెన వేలితో నొక్కింది. గ్రూపులో ఏదో పెళ్ళి కబురనుకుంది. నా మాటలు కళ్లమంతా వినిపించాయి.

"అమ్మ విన్నది" అన్నాడు బావ.

"ఏమంది?"

"ఇంకోసారి పెట్టమంది. మా ఆవిడ పెట్టనంటే ఫోన్ లాక్కుని, పక్కనున్న ఆవిడతో పెట్టించుకుని విన్నది. లేచి లోపలికెళ్ళి ఫోటో దించింది. నువ్వు ముందు నాకు చెప్పాల్సింది."

మెసేజ్ చెరిపేద్దామని చూశాను. సమయం మించిపోయింది. నా ఫోన్లోంచి పోయిందిగానీ మిగతావాళ్ళ ఫోన్లలో అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్ళాక అత్తయ్య నన్ను చూసి ఎప్పటిలా "రావే" అనలేదు. కళ్లంలో పీట వేసుకుని తొడిమలు తీస్తోంది. నేను పక్కన కింద కూర్చుని నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఘాటుకు దగ్గు వచ్చింది. మామూలుగా అయితే కొంగు అడ్డం పెట్టుకోమని అరిచేది. అప్పుడు చూడనైనా చూడలేదు.

గంప సగం నిండాక, "ఎక్కడికి పారిపోయాడే?" అని అడిగింది.

"తెలీదత్తా. కాగితంలో లేదు."

"పారిపోయినవాడు ఇంటికొస్తాడు. చిన్నపిల్లలున్నారు, పెళ్ళాం ఉంది. మా ఇంటికి రాలేదుగా."

అత్తయ్య ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

"మునిగిపోయాడనుకున్నన్నాళ్ళూ మా లోపం ఏమీ లేదనుకున్నాను. పారిపోయాడంటే మమ్మల్ని చూసి పారిపోయినట్టే. మా అమ్మను చూసి, నన్ను చూసి."

"తప్పయిపోయింది అత్తా. నేను అలా చెప్పకుండా ఉండాల్సింది."

"నువ్వేం చేశావు? కాగితంలో ఉన్నదే చెప్పావు." తొడిమ తీసిన కాయను గంపలో వేసింది. "నవ్వు కూడా కాగితంలోనే ఉందా?"

ఆవిడ గొంతు పెంచలేదు. అక్కడున్న కూలి ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. నేను మధ్యాహ్నం దాకా తొడిమలు తీసి, అన్నం తినకుండానే వెనక్కి వచ్చేశాను. వేళ్ళ మంట రెండురోజులు పోలేదు. పోవాలని నాకూ అనిపించలేదు.

కింది అంతస్తు పెద్దాయన తిరిగొచ్చాక కాగితం చూపించమన్నారు. భూతద్దం పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. "రన్" దగ్గర ఆగి, దానికి పైనున్న వరస మీదికి వెళ్ళారు. అది నాకు వట్టి మరకలా కనిపించిన వరస.

"అమ్మా, ఇది చూశారా?" అన్నారు. "సెలవు ఇచ్చారండి ఈయనకి. వైజాగులో దిగాడు. వెళ్ళే ఊరు పొదిలి అని రాసుంది. సెలవు అయిపోయినా తిరిగి రాలేదు కాబట్టి రన్ అని రాసి మూసేశారు. ఎందుకు రాలేదో వాళ్ళకి తెలీదు. నేను ఫోన్లో తొందరపడి చెప్పానండి. కాగితం చూడకుండా చెప్పకూడదు."

ఆయనది తొందరపాటు కాదు. ఆయన చేతిలో కాగితం లేదు. కాగితం చేతిలో ఉండి పై వరస చదవనిది నేను.

ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. మార్టూరు వెళ్ళి, అత్తయ్య ఒక్కతే ఉన్నప్పుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సెలవు పెట్టుకుని ఇంటికని బయల్దేరాడు. దారిలో ఏమైందో తెలీదు.

"ఇంటికనే బయల్దేరాడా?" అంది. మళ్ళీ అడిగింది. మూడోసారి తనలో తనే అనుకుంది. తర్వాత, "ఆయన రాలేదుగానీ పెట్టె వచ్చింది" అంది.

"ఏం పెట్టె?"

"అదుగో, మిరప విత్తనాలు పోసుకుంటానే, ఆ రేకు పెట్టె. ఆయనదే. చీరాల నుంచి ఒకాయన తెచ్చి ఇచ్చాడు. ఆయనా ఓడలోనే పనిచేసేవాడంట. నాకోసం కొన్న గాజులు ఉన్నాయి అందులో."

నేను లేచి ఆ పెట్టె దగ్గరికి వెళ్ళాను. "అత్తా, ఓడ మునిగిపోతే పెట్టె ఎలా వచ్చింది?"

అత్తయ్య కూడా పెట్టె వైపు తిరిగింది. ఆ పెట్టె మూత ఎన్ని వేలసార్లు తీసి ఉంటుందో. "నేనెప్పుడూ అనుకోలేదే" అంది. "చిన్నపిల్లని. గాజులు చూసుకున్నాను."

ఆ తర్వాత ఆవిడకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ చీరాల ఆయన, మా నాయనమ్మ దొడ్లో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన వెళ్ళాక నాయనమ్మ ముఖం కడుక్కుని వచ్చి, పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుని, నాన్న ఎక్కిన ఓడ మునిగిపోయిందని చెప్పింది. వాళ్ళు ప్రత్తిపాడు వెళ్ళాక కూడా ఆయన వెతుక్కుంటూ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక నేతచీర తెచ్చేవాడు. నాయనమ్మ తీసుకునేదిగానీ కూర్చోమనేది కాదు, అన్నం పెట్టేది కాదు. ఆ చీర ఎప్పుడూ కట్టేది కాదు. తనతో పత్తి తీతలకు వచ్చే ఆడవాళ్ళలో ఎవరికో ఇచ్చేసేది.

"ఇంటికొచ్చినవాళ్ళకు అన్నం పెట్టకుండా పంపే మనిషి కాదు మా అమ్మ" అంది అత్తయ్య. "ఆయన ఏదో చేశాడే."

చీరాలలో నేతపని వాళ్ళ వీధులు తిరిగాను. పేరు తెలియదు. యుద్ధకాలంలో ఓడలో పనిచేసిన మనిషి ఇల్లు అని మాత్రం అడిగాను. కొందరు నవ్వారు, కొందరు ఎండలో ఎందుకమ్మా అని మజ్జిగ ఇచ్చారు. ఒక ముసలాయన, "ఓడాయన ఇల్లా? ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. కూతురుంది" అని సందు చూపించాడు.

ఆవిడకు డెబ్బై దగ్గర ఉంటాయి. గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. లోపల మగ్గం చప్పుడు. నేను ఎవరో చెప్పాను. మా తాతయ్యది పొదిలి అనగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. లోపలికి కేకేసి మగ్గం ఆపించింది.

"వస్తారనుకున్నాం. మా నాన్న బతికున్నప్పుడు వస్తారనుకున్నాం. కూర్చోండమ్మా" అంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మా నాన్న, మీ తాతగారు ఒకే బాయిలర్ దగ్గర పనిచేశారంట. ఇద్దరికీ ఒకేసారి సెలవిచ్చారు. వైజాగులో రైలెక్కారు. మా నాన్న చీరాల్లో దిగాలి. మీ తాతగారు ఒంగోల్లో దిగి పొదిలి వెళ్ళాలి. బెజవాడ వచ్చేసరికి మీ తాతగారికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అప్పుడు కలరా ఉందంట ఎక్కడ చూసినా. రైలుపెట్టెలో జనం గోల. దించెయ్యండి, దించెయ్యండి అని కొట్టడానికి వచ్చారంట. తెనాలి దాటాక ఏదో చిన్న స్టేషన్లో ఆగితే, మా నాన్నే చెయ్యి పట్టుకుని దించి బెంచీ మీద పడుకోబెట్టాడు. ఇద్దరి సామాను రైల్లో ఉంది. తెస్తానని మళ్ళీ ఎక్కాడు. రైలు కదిలింది."

ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది.

"దూకొచ్చు. అప్పుడే కదిలింది కాబట్టి దూకొచ్చు. దూకలేదమ్మా. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. భయం. పాతికేళ్ళు లేవు మా నాన్నకి. కొత్తగా పెళ్ళయింది. చీరాల్లో దిగి, ఇంటికొచ్చి, పొద్దున్నే మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. అప్పటికే అయిపోయింది. ఆ రోజు ఇంకొందరు కూడా పోయారంట. అందర్నీ కలిపి కాల్చేశారు. ఎక్కడని అడిగితే పొలాల వైపు చెయ్యి చూపించారంట."

"మా నాయనమ్మకు ఏం చెప్పారు?"

"నిజమే చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆవిడ తిట్టలేదంట. 'దిక్కులేనివాడిలా స్టేషన్లో పోయాడని నా పిల్లలకు చెప్పలేను, ఓడ మునిగిందని చెప్పుకుంటాను, నువ్వు కూడా ఇంకెక్కడా నోరు విప్పకు' అన్నదంట. మా నాన్న ఆ మాట పట్టుకుని ఓడ మీద కూడా చెప్పలేదు. మీవాడు ఏడని అడిగితే తెలీదన్నాడు. చెబితే, వదిలేసి వచ్చావా అంటారని. ఆయన్ని పారిపోయినవాళ్ళలో రాశారని తెలిశాక కూడా చెప్పలేదు. ఆఖర్న మంచంలో ఉన్నప్పుడు నాకు చెప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

నేను ఆ ఇంట్లో నేల మీద కూర్చుని, ఎప్పుడూ చూడని ఆ మనిషిని అసహ్యించుకుందామని ప్రయత్నించాను. కుదరలేదు. ఆయనకు వెనక రోగం ఉంది, ముందు జనం ఉన్నారు, రైలు కదులుతోంది. నేను ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, ఎవరూ తరమకుండానే, మా తాతయ్యను ఇంకోసారి వదిలేశాను. పైగా నవ్వాను.

వచ్చేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మీ అత్తగారిని ఒకసారి చూడాలమ్మా. తిడితే పడతాను."

అత్తయ్యకు ఎలా చెప్పాలని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. ఇంటికే వస్తున్నాడు, దారిలో జబ్బుచేసి పోయాడు అని అక్కడితో ఆపేయొచ్చు. బెంచీ సంగతి, రైలు కదలడం దాచేయొచ్చు. బావ కూడా అదే అన్నాడు. కానీ ఒకసారి ఏది చెప్పాలో, ఎలా చెప్పాలో నేనే నిర్ణయించి ఏం చేశానో చూశాను. అందుకని ముందు అడిగాను. "అత్తా, మొత్తం తెలిసింది. అందులో కొంత బాధపెట్టేది ఉంది. ఎంతవరకు చెప్పమంటావు?"

"మా అమ్మ దాచింది చాలు. చెప్పు" అంది.

చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని, "ఆవిడను రమ్మను" అంది.

చీరాల ఆవిడ వచ్చిన రోజు నేను, బావ వసారాలో నిలబడ్డాం. వచ్చినావిడ అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చోబోతే అత్తయ్య మంచం మీద చోటు చూపించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కోడలు కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళింది.

"మా నాన్న నీళ్ళడిగాడా?" అంది అత్తయ్య హఠాత్తుగా.

"అడిగాడంటండి. రైల్లోనే అడిగాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. మా నాన్న తన మరచెంబు నోటికి పెట్టి తాగించాడు. దించాక ఆ చెంబు ఆయన పక్కనే పెట్టాడంట."

"చెంబు పెట్టాడా?"

"పెట్టాడండి. అది ఒక్కటే చేశానని అనేవాడు."

అత్తయ్య కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది. "మీ నాన్న మంచివాడో కాదో నేనెవరిని చెప్పడానికి? మా అమ్మ ఆయనకు అన్నం పెట్టలేదు. ఆ కోపం ఆవిడది. ఆవిడతోనే పోయింది. నేనేం మోయగలను ఇప్పుడు?" అంది. ఆగి, "నాకు ఇన్నేళ్ళూ సముద్రమంటే భయమే తల్లీ. ఉత్తి పుణ్యానికి భయపడ్డాను" అంది. చీరాల ఆవిడ ఏడ్చింది. అత్తయ్య ఏడవలేదు. మధ్యాహ్నం భోజనానికి ఉండమని, గోంగూర పచ్చడి తనే రోట్లో వేసి నూరింది.

ఆ రోజు సాయంత్రం నేను వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆ స్టేషను నాకు చూపిస్తావా?" అని అడిగింది. ఆ మెసేజ్ తర్వాత ఆవిడ తనకంటూ ఏదైనా కావాలని నన్ను అడగడం అదే మొదటిసారి.

ఏ స్టేషనో చీరాల ఆవిడ తండ్రి చెప్పిన గుర్తులను బట్టి వెతికాం. అదేనని గట్టిగా చెప్పలేను. మహాలయ అమావాస్యనాడు అందరం కారులో వెళ్ళాం. పక్కనున్న కాలువ గట్టు మీద పంతులుగారు చెబుతుంటే బావ తర్పణం వదిలాడు. పిండం పెట్టాక అత్తయ్య ప్లాట్‌ఫారం మీదికి వెళ్దామంది. పాసెంజరు బళ్ళు తప్ప ఏవీ ఆగని స్టేషను. ఒక సిమెంటు బెంచీ ఉంది. అప్పటిది కాదు. అత్తయ్య దాన్ని చేత్తో తడిమి కూర్చుంది. చీరాల ఆవిడ పక్కన కూర్చుని పెరుగన్నం డబ్బా తీసింది. ఇద్దరూ అదే డబ్బాలోంచి తిన్నారు. ఒక ఎక్స్‌ప్రెస్ దుమ్ము లేపుతూ ఆగకుండా వెళ్ళిపోయింది.

నేను నిలబడే ఉన్నాను. నన్ను క్షమించావా అత్తా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే, క్షమించానని చెప్పాల్సిన పని ఆవిడ మీద పడుతుంది. అడగలేదు.

"మన పొదిలి ఎటుందే ఇక్కణ్నుంచి?" అంది అత్తయ్య.

నేను చెయ్యి చాపి చూపించాను. బావ నా చెయ్యి పట్టుకుని కొంచెం ఎడమకు తిప్పాడు. "అటు కాదు. ఇటు."

అత్తయ్య బెంచీ మీద అటుకేసి తిరిగి కూర్చుని, మిగిలిన అన్నం మెల్లగా తినడం మొదలుపెట్టింది.